ప్రాజెక్టుల సీజన్: మోటారుకు కరెంటు ఇచ్చే ముందు

సంక్రాంతి సెలవులు అయిపోయాయంటే కోఠి గుజరాతీ గల్లీలో ఇంజినీరింగ్ పిల్లల సందడి మొదలవుతుంది. లైన్ ఫాలోవర్, గడ్డి కోసే బండి, డ్రోన్, రోబో చెయ్యి... ఏ ప్రాజెక్టు చూసినా అందులో మోటారు ఉంటుంది. సెన్సర్ వైరు తప్పు పెడితే చాలాసార్లు రీడింగ్ రాదు, అంతటితో పోతుంది. మోటారు దగ్గర తప్పు జరిగితే బోర్డు కాలుతుంది, బ్యాటరీ ఉబ్బుతుంది, వేలు తెగుతుంది. రివ్యూ దగ్గరపడ్డాక రాత్రిపూట కూర్చుని హడావిడిగా వైరింగ్ చేసేవాళ్లకు ఈ ముప్పు ఇంకా ఎక్కువ. సామాను కొనడానికి వెళ్లకముందే ఇది చదివి వెళ్లండి.

ఆగిన మోటారే ఎక్కువ లాగుతుంది

సాయం కోసం వచ్చే పిల్లల నోట తరచుగా వినే మాట ఇది: "అన్నా, గాల్లో పట్టుకుంటే మంచిగనే తిరుగుతుంది. కింద పెట్టి గోడకు తగిలితే చాలు, డ్రైవర్ కాలిపోతుంది." డ్రైవర్ (మన బోర్డు సంకేతాన్ని బట్టి బ్యాటరీ కరెంటును మోటారుకు పంపే బోర్డు) డూప్లికేట్‌దేమో అనుకుని మళ్లీ అదే కొంటారు. అదీ కాలుతుంది.

తప్పు డ్రైవర్‌ది కాదు. డీసీ మోటారు తిరుగుతున్నప్పుడు తనే కొంత వోల్టేజీ పుట్టించి బ్యాటరీకి ఎదురు నిలుస్తుంది. అందుకే తక్కువ కరెంటు లాగుతుంది. చక్రం బిగుసుకుపోతే ఆ ఎదురు వోల్టేజీ సున్నా. ఇక కరెంటును ఆపడానికి లోపలి రాగి తీగ రెసిస్టెన్స్ తప్ప ఏమీ మిగలదు. మోటారు నిలబడి ఉన్నచోటు నుంచి కదిలే మొదటి క్షణంలోనూ ఇదే జరుగుతుంది. అప్పుడు లాగే కరెంటునే స్టాల్ కరెంట్ అంటారు. డ్రైవర్, వైరు, ఫ్యూజు, బ్యాటరీ అన్నీ ఈ ఒక్క అంకెను బట్టే కొనాలి. షాపువాళ్లు చెప్పేది మాత్రం ఎక్కువగా ఖాళీగా తిరిగేటప్పటి అంకె.

దీన్ని ఇంట్లోనే కొలుచుకోవచ్చు. మోటారును దేనికీ కలపకుండా మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టండి. ముందు రెండు ప్రోబులూ ఒకదానికొకటి తాకించి ఎంత చూపిస్తుందో రాసుకోండి, ఆ తర్వాత అది తీసివేయాలి. ఇప్పుడు ప్రోబులు మోటారు టెర్మినల్స్‌కు పెట్టి, షాఫ్ట్‌ను చేత్తో కొద్దికొద్దిగా తిప్పుతూ చూడండి. లోపల బ్రష్‌లు ఎక్కడ తాకుతున్నాయన్నదాన్ని బట్టి రీడింగ్ మారుతూ ఉంటుంది. అన్నిటికంటే తక్కువ వచ్చినదాన్ని తీసుకోండి. అది 3 ఓమ్‌లు, బ్యాటరీ 12 వోల్టులు అనుకుంటే స్టాల్ కరెంట్ 4 ఆంపియర్లు. ఖాళీగా తిరిగేటప్పుడు అదే మోటారు అర ఆంపియర్ కూడా తీసుకోకపోవచ్చు.

ఇప్పుడు అందరూ కొనే ఎర్ర ఎల్298ఎన్ బోర్డు సంగతి చూడండి. ఒక్కో చానల్‌కు (అంటే ఒక్కో మోటారు కలిపే జత టెర్మినల్స్‌కు) దాని హద్దు 2 ఆంపియర్లు. పైగా అది పాత రకం చిప్. ఒక ఆంపియర్ దగ్గరే సుమారు 2 వోల్టులు తనలోనే వేడిగా పోగొట్టుకుంటుంది. 7.4 వోల్టుల బ్యాటరీ పెడితే మోటారుకు అందేది ఐదున్నర దాకానే. చిన్న పసుపు బీఓ (బ్యాటరీతో నడిచే బొమ్మల రకం) మోటార్లకు అది సరిపోతుంది కానీ, పైన లెక్కేసిన 4 ఆంపియర్ల మోటారుకు పనికిరాదు. చిన్న మోటార్లకైనా నా ఓటు టీబీ6612కే. దాంట్లో నష్టం చాలా తక్కువ, చానల్‌కు నిలకడగా 1.2 ఆంపియర్లు మోస్తుంది. పెద్ద మోటార్లకు బీటీఎస్7960 బోర్డు తీసుకోవచ్చు. దాని మీద 43 ఆంపియర్లు అని చెప్పి అమ్ముతారు కానీ, ఆ చిన్న హీట్‌సింక్‌తో అంత కరెంటు ఎక్కువసేపు మోయలేదు. స్టాల్ లెక్క పది, పదిహేను ఆంపియర్లు దాటితే ఇంకా పెద్ద డ్రైవర్ వెతకండి.

ఎల్298ఎన్ వాడేవాళ్లకు ఇంకో మాట. మోటారు సప్లై 12 వోల్టులు దాటితే బోర్డు మీదున్న 5 వోల్టుల జంపర్ పీకేయండి. లేదంటే దాని మీదున్న చిన్న రెగ్యులేటర్ వేడెక్కి పోతుంది.

ముందుకు పోతున్న బండిని ఒక్కసారిగా వెనక్కి తిప్పడం ఇంకా ప్రమాదం. అప్పటిదాకా ఎదురు నిలిచిన వోల్టేజీ ఇప్పుడు బ్యాటరీతో కలిసిపోతుంది. కరెంటు స్టాల్ కంటే కూడా పైకి, దాదాపు రెట్టింపుదాకా పోగలదు. కోడ్‌లో ముందు పీడబ్ల్యూఎం (మోటారు వేగాన్ని నిర్ణయించే అంకె) సున్నాకు దించి, మోటారు ఆగేదాకా కాస్త ఆగి, ఆ తర్వాతే దిశ మార్చండి. వేగం పెంచేటప్పుడు కూడా సున్నా నుంచి 255కు, అంటే పూర్తి వేగానికి, ఒక్కసారే దూకించకుండా మెల్లగా ఎక్కించండి.

పిన్ను మీద భారం వేయొద్దు

ఆర్డుయినో ఊనో ఆర్3 (మన కోడ్‌ను నడిపే చిన్న బోర్డు) పిన్ను ఒక్కోటి 20 మిల్లీఆంపియర్ల దాకా ఇవ్వడానికి తయారైంది. 40 దాటితే చిప్‌కే ముప్పు. మోటారును, రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) కాయిల్‌ను నేరుగా పిన్నుకు కలపడం ఎప్పుడూ కూడదు. సర్వోలను (చెప్పిన కోణానికి తిరిగి నిలిచే మోటార్లను) బోర్డు మీది 5 వోల్టుల పిన్ను నుంచి నడపడం కూడా మానుకోండి. ఎంజీ996ఆర్ లాంటి సర్వో బిగుసుకుపోతే రెండు ఆంపియర్లు దాటి లాగుతుంది. సర్వోలకు వేరే సప్లై పెట్టి, రెండు సప్లైల గ్రౌండ్ మాత్రం తప్పకుండా ఒకటి చేయండి. గ్రౌండ్ కలపకపోతే సర్వో పిచ్చిపట్టినట్టు వణుకుతుంది.

మాస్‌ఫెట్‌తో (స్విచ్చులా పనిచేసే ట్రాన్సిస్టర్‌తో) మోటారును ఒక్క వైపే తిప్పుతుంటే రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ అనే మాస్‌ఫెట్ గేటుకు (దాన్ని తెరిచే కాలుకు) 10 వోల్టులు అందితేనే పూర్తిగా తెరుచుకుంటుంది. ఆర్డుయినో ఇచ్చే 5 వోల్టులకు సగం తెరుచుకుని పెనంలా కాలుతుంది. మధ్యలో అక్షరం మారిన ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ అడిగి తీసుకోండి. రెండోది, గేటు నుంచి గ్రౌండ్‌కు ఒక 10కే (పది వేల ఓమ్‌ల) రెసిస్టర్. బోర్డు రీసెట్ అయ్యేటప్పుడు, కోడ్ ఎక్కించేటప్పుడు పిన్నులు ఎటూ కాకుండా వేలాడుతుంటాయి. ఈ రెసిస్టర్ లేకపోతే సరిగ్గా మీ చెయ్యి దగ్గరున్నప్పుడే మోటారు దానంతటది తిరగొచ్చు. మోటారుకు అడ్డంగా డయోడ్ (కరెంటును ఒక వైపే పోనిచ్చేది) పెట్టడం ఎలాగూ తప్పదు. దాని గీత ఉన్న వైపు ప్లస్‌కు రావాలి.

ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న బోర్డు) వాడేవాళ్లకు మోటారు కదలగానే "బ్రౌనౌట్ డిటెక్టర్ వాజ్ ట్రిగర్డ్" అని సీరియల్ మానిటర్‌లో వచ్చి బోర్డు మళ్లీ మొదలవుతుంది. మోటారు లాగిన దెబ్బకు వోల్టేజీ పడిపోయిందని దాని అర్థం. కొందరు కోడ్‌లో ఆ డిటెక్టర్‌నే ఆపేస్తున్నారు. దయచేసి అలా చేయకండి, వోల్టేజీ చాలనప్పుడు బోర్డు ఏం చేస్తుందో ఎవరి చేతిలోనూ ఉండదు. బోర్డుకు వేరే బక్ కన్వర్టర్ (వోల్టేజీని తగ్గించి ఇచ్చేది) పెట్టండి, మోటారు టెర్మినల్స్ మధ్య 104 అని రాసి ఉన్న సెరామిక్ కెపాసిటర్ సోల్డర్ చేయండి. మోటారు కరెంటును బ్రెడ్‌బోర్డు గుండా, సన్నటి జంపర్ వైర్ల గుండా పోనివ్వకండి.

స్టెప్పర్ మోటార్ల (అడుగు అడుగుగా తిరిగే మోటార్ల) తీరు వేరు. అవి కదలకుండా నిలబడినా కరెంటు తీసుకుంటూనే ఉంటాయి, కాబట్టి హద్దు మనమే పెట్టాలి. ఏ4988 అనే స్టెప్పర్ డ్రైవర్ బోర్డు మీద కరెంటును కొలిచే సెన్స్ రెసిస్టర్ల పైన ఆర్100 అని ఉంటే, చిన్న స్క్రూ తిప్పి వీరెఫ్‌ను (ఆ హద్దును నిర్ణయించే వోల్టేజీని) 0.8 వోల్టులకు పెడితే కాయిల్‌కు 1 ఆంపియర్. హీట్‌సింక్ లేకుండా అంతకు మించి వద్దు. మోటారు సప్లై పిన్నుల దగ్గర 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉండాలి. పవర్ ఆన్‌లో ఉండగా మోటారు వైరు పీకితే డ్రైవర్ ఆ క్షణమే పోవచ్చు.

బ్యాటరీ, ఒళ్లు

మూడు సెల్స్ లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ) నిండితే 12.6 వోల్టులు. ఏ సెల్ కూడా 3 వోల్టుల కిందికి పోకూడదు, 3.3 దగ్గరే ఆపేయడం మేలు. 2200 ఎంఏహెచ్ బ్యాటరీని 2.2 ఆంపియర్లకు మించకుండా, బ్యాలెన్స్ చార్జర్‌తోనే (సెల్స్ అన్నిటినీ సమంగా నింపేదానితో) చార్జ్ చేయాలి. హాస్టల్ గదిలో పరుపు మీద పెట్టి నిద్రపోవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. ఏప్రిల్ వచ్చేసరికి మన ఊళ్లో ఎండ 40 డిగ్రీల దగ్గర ఉంటుంది. బండి డిక్కీలో, ఎండలో నిలిపిన కారులో లైపో వదిలేయొద్దు. ఉబ్బిన బ్యాటరీని గుచ్చొద్దు, నొక్కొద్దు, మళ్లీ వాడొద్దు. పాత ల్యాప్‌టాప్‌ల నుంచి పీకిన 18650 (గుండ్రటి లిథియం) సెల్స్ ఎంత చవగ్గా దొరికినా తీసుకోకండి.

బ్యాటరీ ప్లస్‌కు దగ్గరలోనే ఫ్యూజు, దాని తర్వాత చేతికందే పెద్ద స్విచ్చు. ఆ స్విచ్చు మోటారు కరెంటునే కోసేయాలి. ఫోన్ యాప్‌లో స్టాప్ బటన్ ఉంది కదా అంటే అది స్విచ్చు కాదు. వైఫై తెగితే? అందుకే అర సెకను పాటు ఏ ఆదేశమూ రాకపోతే మోటార్లు ఆపేసేలా కోడ్ రాయండి.

కోడ్ ఎక్కించేటప్పుడు చక్రాలు నేలకు తగలకుండా బండిని ఏ పుస్తకాల మీదో ఎత్తి పెట్టండి. డ్రోన్ అయితే రెక్కలు విప్పేసి పరీక్షించండి, అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే బిగించండి. వెయ్యి కేవీ (ఒక్కో వోల్టుకు నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగే) మోటారు మీద పది అంగుళాల రెక్క తిరుగుతుంటే వేలుని కోసేస్తుంది. మెడలో ఐడీ కార్డు ట్యాగు తీసేయండి, చున్నీ ముడేసుకోండి, జుట్టు కట్టుకోండి. 12 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ (ఇంటి కరెంటును 12 వోల్టులకు మార్చే సప్లై పెట్టె) వాడుతుంటే దాని పక్కనే స్క్రూల దగ్గర 230 వోల్టులు బయటికే ఉంటాయి. ఎర్త్ కలిపి, మూత పెట్టాకే ప్లగ్ పెట్టండి.

డెమో రోజు బస్సులో కాలేజీకి పోయేటప్పుడు బ్యాటరీని బండి నుంచి విప్పి, కనెక్టర్ మీద టేపు చుట్టి విడిగా పెట్టుకోండి. తాళాలు, స్క్రూలు, చిల్లర ఉన్న అరలో మాత్రం వద్దు.