పక్షవాతం తర్వాత ఇంట్లో సాధన – 4వ పాఠం: చేతికి పని చెప్పడం

పోయిన పాఠంలో మంచం మీద పక్కకు తిరగడం, లేచి కూర్చోవడం నేర్చుకున్నాం. ఇప్పుడు కుర్చీలో ఒరిగిపోకుండా అరగంట కూర్చోగలుగుతుంటే ఈ పాఠం మొదలుపెట్టండి. లేకపోతే తొందరేమీ లేదు, 3వ పాఠాన్నే ఇంకో వారం చేయండి. నడుము నిలవనిదే చెయ్యి ఆడదు.

చేతి కన్నా ముందు భుజం సంగతి చూడాలి. తొలి వారాల్లో భుజం చుట్టూ కండరాలు వదులైపోయి, చేతి బరువుకే కీలు కిందికి జారుతుంది. అప్పుడు ఆ చెయ్యి పట్టి లాగి లేపినా, చంకల కింద పట్టి ఎత్తినా నొప్పి పట్టుకుంటుంది. ఒకసారి పట్టుకుంటే నెలల తరబడి వదలకపోవచ్చు. మా నాన్నగారి విషయంలో మేము ఈ తప్పే చేశాం. ఎవరో చెప్పారని గుమ్మానికి కప్పీ బిగించి, తాడు కట్టి, బాగున్న చేత్తో బాగాలేని చేతిని పైకి లాగించాం. పది రోజులు తిరిగేసరికి ఆయన చొక్కా తొడగనివ్వలేదు. మీ ఇంట్లో కప్పీ ఉంటే ఈరోజే విప్పేయండి. కూర్చున్నంతసేపూ ఆ చేతిని బల్ల మీదో దిండు మీదో ఆనించి ఉంచండి, వేలాడనివ్వకండి.

ఇక అసలు పాఠం. జబ్బు చేసిన కొత్తలో ఆ చేత్తో ఏ పని చేయబోయినా జరగదు. నాలుగుసార్లు ప్రయత్నించి, మనిషి రెండో చేతికి అలవాటు పడతాడు. తర్వాత మెదడు కొంత కోలుకుని, చేతిలో కాస్త కదలిక వచ్చినా దాన్ని వాడాలన్న ఆలోచనే రాదు. అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టాబ్ ఈ మరుపును గుర్తించి, బాగున్న చేతికి తొడుగు వేసి బాగాలేని చేత్తోనే పనులు చేయించే పద్ధతిని తయారుచేశారు. 2006లో వెలువడిన పెద్ద పరీక్షలో, పక్షవాతం వచ్చి 3 నుంచి 9 నెలలైన 222 మంది పాల్గొన్నారు. రెండు వారాలు అలా సాధన చేసినవారి చెయ్యి, ఏడాది తర్వాత కూడా మిగతావారి కన్నా మెరుగ్గా పనిచేసింది. అయితే మణికట్టును, వేళ్లను కొంతైనా పైకి ఎత్తగలిగినవారికే ఈ పద్ధతి. థెరపిస్టు చూసి సరే అనకుండా తొడుగు వేయకండి. తూలితే పట్టుకోవడానికి ఆ మంచి చెయ్యే ఆధారం.

మన ఇళ్లలో దీనికి ఇంకో ముడి ఉంది. ఎడమ చెయ్యి పడిపోతే, అన్నం తినడానికి కుడి చెయ్యి ఉంది కదా అని ఎడమ చేతిని అందరూ మరిచిపోతారు. కుడి చెయ్యి పడిపోతే ఎడమ చేత్తో తినడం ఇష్టంలేక ఎవరో ఒకరు ముద్దలు కలిపి నోట్లో పెడతారు. రెండు విధాలా చెయ్యి ఖాళీగానే ఉంటుంది. ప్రేమతోనే పెడతాం, కాదనను. మా అమ్మ కూడా అలాగే పెట్టేది.

సాధన ఇలా చేయండి. నున్నటి బల్ల మీద మడిచిన తువ్వాలు పరచి, దాని మీద ఆ అరచెయ్యి ఆనించండి. తువ్వాలును ముందుకు తోసి, వెనక్కి తీసుకోవాలి. మొదట్లో మంచి చేతిని పైన వేసి సాయం పట్టవచ్చు. ఒళ్లంతా ముందుకు వంచి తోస్తున్నారా, భుజాన్ని చెవి దాకా ఎగరేస్తున్నారా అని పక్కన కూర్చుని గమనించండి. అలా జరిగితే దూరం తగ్గించండి.

తువ్వాలు సులువుగా జరుగుతోందంటే, పట్టుకోవడం, వదలడం మొదలుపెట్టండి. చాలామంది చేతికి రబ్బరు బంతి ఇచ్చి పిసకమంటారు. వేళ్లు ఇప్పటికే ముడుచుకుపోతున్న చేతికి పిసకడం కన్నా తెరుచుకోవడం ముఖ్యమని నా గట్టి అభిప్రాయం. నిమ్మకాయలను ఒక గిన్నెలోంచి తీసి రెండో గిన్నెలో వేయించండి. నాన్నగారు మొదటి నిమ్మకాయ పట్టుకున్నారు కానీ వదలలేకపోయారు. మణికట్టును గిన్నె అంచుకు ఆనించి కిందికి వంచితే వేళ్లు వాటంతటవే కొంచెం విచ్చుకున్నాయి, కాయ జారిపడింది. ఆ చప్పుడుకు ఆయన ముఖంలో వచ్చిన వెలుగు నాకింకా గుర్తుంది.

ఎన్నిసార్లు చేయాలి? అమెరికా, కెనడాల్లో థెరపీ గదుల్లో కూర్చుని లెక్కపెట్టిన పరిశోధకులు 2009లో చెప్పింది, ఒక్కో పూట చేత్తో చేయించిన పనికొచ్చే కదలికలు సగటున 32 మాత్రమే అని. జంతువుల మీద ప్రయోగాల్లోనైతే మెదడులో మార్పు రావడానికి రోజుకు వందల సార్లు చేయించారు. అందుకే మిగతాది ఇంట్లోనే పూర్తిచేయాలి. ఒక్క బిగిన వద్దు. ఉదయం, పదకొండింటికి, సాయంత్రం, ఇలా మూడు విడతలు పెట్టుకుని, విడతకు ఇరవైతో మొదలుపెట్టి పెంచండి. అలసిపోయాక చేసే పదీ వంకరగానే వస్తాయి, అక్కడ ఆపేయండి. మధ్యలో మూతి ఒక పక్కకు వంగినా, మాట ముద్దగా మారినా, చెయ్యి ఉన్నట్టుండి ఇంకా బలహీనపడినా సాధన సంగతి వదిలేసి వెంటనే 108కి ఫోన్ చేయండి.

మింగడంలో ఇబ్బంది లేనివారికి ఈ వారం ఒక్క పని అదనం. పడిపోయినది కుడి చెయ్యి అయితే పొద్దున ఇడ్లీని ఆ చేత్తోనే తిననివ్వండి, అన్నం కన్నా ఇడ్లీ పట్టుకు దొరుకుతుంది. పడిపోయినది ఎడమ చెయ్యి అయితే తినేటప్పుడు కంచం అంచును ఆ చేత్తో పట్టుకోమనండి. సగం కింద పడుతుంది, పావుగంట పట్టేది ముప్పావుగంట పడుతుంది. మీరు ఎదురుగా కూర్చోండి, చెయ్యి మాత్రం చాచకండి.

వచ్చే పాఠానికి పెద్ద గుండీలున్న పాత చొక్కా ఒకటి వెతికి ఉంచుకోండి.