పత్రిక తిప్పి పంపిన ఫొటోలు: నా అనుభవం

నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లులో, గర్భగుడిలో పగలంతా నీడ నిలిచి ఉండే ఛాయా సోమేశ్వరాలయాన్ని పూజారిగారి అనుమతితో మూడు ఆదివారాలు తీసిన ఫొటోలను ఒక మాసపత్రికకు పంపితే, ‘ముద్రణకు సరిపోవు’ అన్న ఒక్క ముక్క జవాబుగా వచ్చింది. ఫొటోలే బాగాలేవేమోనని వారం రోజులు మథనపడ్డాను.

లోపం పంపిన తీరులో ఉంది. నేను వాటిని మెసేజింగ్ యాప్‌లో మామూలుగా పంపడంతో, కెమెరాలో 6000 × 4000 పిక్సెళ్లున్న ఫైలు అవతలికి 1600 × 1067గా కుదించుకుపోయి చేరింది. అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున అచ్చువేస్తే అది ఐదున్నర అంగుళాల వెడల్పు కూడా రాదు. అసలు ఫైలు 20 అంగుళాలు వస్తుంది. మధ్యలో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో అంగుళానికి 72 పిక్సెళ్లు అని ఉన్నచోట 300 అని మార్చి మళ్లీ పంపాను గానీ, పిక్సెళ్ల సంఖ్య మారనప్పుడు ఆ అంకె మార్పు వల్ల ఒరిగేదేమీ లేదని ఆలస్యంగా తెలిసింది.

మెమరీ కార్డులోని అసలు ఫైళ్లను తెరిచి, చీకట్లో ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచినందువల్ల వచ్చిన నాయిస్‌ను, అంటే ఫొటో మీది గరుకు చుక్కలను, కొద్దిగా తగ్గించి, అత్యధిక నాణ్యత గల జేపెగ్‌లుగా భద్రపరిచి, డ్రైవ్ లింకుగా పంపాను. ముప్పై ఫొటోల్లో ఎనిమిదే ఉంచాను. మనసొప్పలేదు గానీ, ఒకే స్తంభం ఐదు కోణాల్లో ఎవరికి కావాలి? ‘డీఎస్‌సీ_0412’ వంటి ఫైలు పేర్లను ఊరు, గుడి, తేదీ తెలిసేలా మార్చి, ఒక్కోదానికి రెండు వాక్యాల వివరణ జోడించాను. పది రోజులకు, నీడ పడిన ఫొటోను రెండు పేజీలకు పరిచి వేసుకుంటామని ఫోన్ వచ్చింది.