పార్సిల్ మీద పన్ను ఎక్కువ పడిందా? ఏ పద్దులో పెరిగిందో పట్టుకునే పద్ధతి

విదేశీ సైట్లో కొన్న వస్తువు ఇంటికొచ్చేసరికి, కొరియర్ కుర్రాడు చెప్పే అంకె మీరు అనుకున్న దాంతో కలవదు. అతనితో వాదించి లాభం లేదు. పన్ను పడేది విశాఖలో కాదు, పార్సిల్ దేశంలో దిగి క్లియరైన చోట: చెన్నై, ముంబై, ఢిల్లీ లాంటి ఊళ్లలో. అక్కడ క్లియరైన పార్సిల్ గురించి విశాఖ పోర్టు ఏరియాలోని కస్టమ్స్ హౌస్‌కి వెళ్లినా మీ ఫైలు వాళ్ల దగ్గర ఉండదు.

ముందు మూడు కాగితాలు దగ్గర పెట్టుకోండి: సైట్ ఇన్‌వాయిస్, కార్డు స్టేట్‌మెంట్, కొరియర్ వాళ్లు మీ పేరు మీద దాఖలు చేసిన బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కి ఇచ్చే దిగుమతి పత్రం). మూడోది చాలాసార్లు అడిగితేగానీ రాదు. ట్రాకింగ్ నంబరు రాసి మెయిల్ పెట్టండి. పోస్టులో వచ్చిన పార్సిలైతే డ్యూటీ వివరాలు దాంతోపాటు వచ్చిన చీటీ మీద ఉంటాయి, కవరు చింపే ముందు ఫొటో తీసుకోండి.

"వస్తువు 60 డాలర్లే, పన్ను 2,000 దాటింది"

అందరికీ వచ్చే అనుమానం ఇదే. పన్ను వస్తువు ధర మీద పడదు. ధర, రవాణా, బీమా కలిపిన విలువ మీద పడుతుంది. పైగా ఒక పన్ను మీద ఇంకో పన్ను ఎక్కుతుంది. వరస ఇలా ఉంటుంది: ఆ విలువ మీద బేసిక్ కస్టమ్స్ డ్యూటీ, ఆ డ్యూటీ మీద 10 శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌ఛార్జ్, ఈ మూడూ కలిపిన మొత్తం మీద ఐజీఎస్టీ (దిగుమతుల మీద పడే జీఎస్టీ).

గాజువాకలో ఒకాయన బీచ్ రాళ్ల మీద కూర్చుని గాలం వేయడానికి ఫిషింగ్ రీల్ తెప్పించుకున్నాడనుకోండి. ధర 60 డాలర్లు, విమానంలో పంపడానికి 22 డాలర్లు. లెక్క కోసం డాలరు 90 రూపాయలు, డ్యూటీ 10 శాతం, ఐజీఎస్టీ 18 శాతం అనుకుందాం. మీ బిల్లులో ఏ శాతాలుంటే అవే పెట్టుకోండి.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 2007 కస్టమ్స్ వాల్యుయేషన్ రూల్స్‌లోని 10వ రూలు ప్రకారం, విమానంలో వచ్చిన సరుక్కి రవాణా ఖర్చు ఎంతయినా, లెక్కలోకి వస్తువు ధరలో 20 శాతానికి మించి తీసుకోకూడదు. అంటే 22 కాదు, 12 డాలర్లే. బీమా ఎంతో తెలియకపోతే ధరలో 1.125 శాతం, అంటే 0.675 డాలరు. మొత్తం 72.675 డాలర్లు, రూపాయల్లో 6,540.75.

డ్యూటీ 654. సర్‌ఛార్జ్ 65. విలువ, డ్యూటీ, సర్‌ఛార్జ్ మూడూ కలిస్తే సుమారు 7,260, దాని మీద ఐజీఎస్టీ 1,307. మొత్తం 2,026 రూపాయలు. వస్తువు ధరతో పోలిస్తే ఇది 37.5 శాతం. 10, 18 కలిపి 28 శాతమే కదా అనుకున్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

ఇప్పుడు మీ బిల్ ఆఫ్ ఎంట్రీలో రవాణా పద్దు చూడండి. అక్కడ 22 డాలర్లూ వేసి ఉంటే పన్ను 2,305 అవుతుంది, అంటే 279 రూపాయలు ఎక్కువ. ఇది అడగదగ్గ తప్పు. పార్సిల్ కస్టమ్స్ నుంచి బయటికి రాకముందే కొరియర్ క్లియరెన్స్ విభాగానికి రూలు నంబరుతో సహా రాయండి. బయటికొచ్చేశాక అదే పని అప్పీలు దాకా పోవచ్చు: ఆర్డరు అందిన 60 రోజుల్లో కమిషనర్ అప్పీల్స్‌కి వెళ్లాలి. రీఫండ్ దరఖాస్తుకి గడువు ఏడాది. అసెస్‌మెంటు (పన్ను నిర్ధారణ) మార్పించకుండా నేరుగా రీఫండ్ అడిగితే తిప్పికొడతారు, 2019లో సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చేసింది. 279 రూపాయల కోసం అంత దూరం వెళ్లడం దండగే. పెద్ద మొత్తమైతే వదలకండి.

"నెట్‌లో 77 శాతం అన్నారు, నాకు వేరే వచ్చింది"

77.28 పాత లెక్క. వ్యక్తిగత వాడకం కోసం పోస్టులోనో విమానంలోనో వచ్చే వస్తువులకు కస్టమ్స్ రేట్ల పట్టికలో 9804 అని ఒక హెడ్డింగ్ ఉంది. దాని మీద 35 శాతం డ్యూటీ, 3.5 సర్‌ఛార్జ్, పైన 28 శాతం ఐజీఎస్టీ ఉన్న రోజుల్లో వచ్చిన అంకె అది. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ శ్లాబులు మారాయి. డ్యూటీ రేట్లు బడ్జెట్‌కోసారి కదులుతుంటాయి. కాబట్టి వాట్సాప్‌లో తిరిగే శాతాన్ని నమ్మకుండా, కొనే ముందు కస్టమ్స్ శాఖ ఐస్‌గేట్ పోర్టల్‌లోని డ్యూటీ కాలిక్యులేటర్‌లో వస్తువు కోడ్ కొట్టి చూడండి.

రేటు తేడాకి ఇంకో కారణం, వస్తువుని ఏ కోడ్‌లో వేశారన్నది. 9804లో వేస్తే దాని రేటు, వస్తువు సొంత హెచ్‌ఎస్‌ఎన్ (వస్తువుల వర్గీకరణ) కోడ్‌లో వేస్తే వేరే రేటు. అమ్మినవాడు ఇన్‌వాయిస్ మీద "పార్ట్స్" అనో "యాక్సెసరీస్" అనో రాసి ఊరుకుంటే, క్లియర్ చేసేవాడు తోచిన కోడ్ వేస్తాడు. వస్తువు ఏమిటో, దేంతో చేసిందో, ఎందుకు వాడతారో ఇన్‌వాయిస్ మీద రాయమని ఆర్డర్ పెట్టేటప్పుడే చెప్పండి.

"డాలరు రేటు తప్పు వేశారు"

తప్పు కాదు. కస్టమ్స్ వాడేది సీబీఐసీ (కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు) ప్రకటించే దిగుమతి రేటు, అది కూడా బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలైన తేదీ నాటిది. మీ కార్డుకి పడింది బ్యాంకు రేటు, దాని మీద ఫారెక్స్ మార్కప్ (కరెన్సీ మార్పిడికి బ్యాంకు వేసే అదనపు రుసుము), ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ. రెండు అంకెలూ కలవాలని ఏమీ లేదు. మార్కప్ తగ్గాలంటే కార్డు మార్చడం తప్ప దారి లేదు.

"డ్యూటీ 2,026, కొరియర్ అడిగింది 2,616"

తేడా 590 కొరియర్ సొంత ఛార్జీ. మీ తరఫున డ్యూటీ ముందు కట్టినందుకు, క్లియరెన్స్ చేసినందుకు రుసుము వేసి, దాని మీద 18 శాతం జీఎస్టీ కలుపుతారు. 500 రుసుముకి 90 జీఎస్టీ. ఇది ప్రభుత్వానికి పోయే డబ్బు కాదు, ఒక్కో కంపెనీకి ఒక్కో రేటు. చిన్న వస్తువులకి డ్యూటీ కన్నా ఇదే ఎక్కువవుతుంది. అందుకే తొందర లేని చిన్న సరుకు పోస్టులో తెప్పించుకోవడమే మేలు.

"చెక్అవుట్‌లోనే పన్ను కట్టాను, మళ్లీ అడుగుతున్నారు"

ఇన్‌వాయిస్ మీద డీడీపీ అని ఉందా, డీఏపీ అని ఉందా చూడండి. డీడీపీ అంటే పన్ను అమ్మకందారు బాధ్యత. అలా ఉంటే కొరియర్‌కి డబ్బు ఇవ్వకుండా ఇన్‌వాయిస్ పంపి, అమ్మకందారుకి బిల్లు వేయమనండి. డీఏపీ అయితే మీరే కట్టాలి. అప్పుడు చెక్అవుట్‌లో తీసుకున్నది ఏ పన్నో చూడాలి. బహుశా అది అక్కడి సేల్స్ ట్యాక్స్.

అమెరికాలో సేల్స్ ట్యాక్స్ డెలివరీ అడ్రసుని బట్టి పడుతుంది. సీతమ్మధారలో అమ్మానాన్నా, డల్లాస్‌లో కొడుకు. వాళ్ల కోసం అడ్రసు కొడుకుది ఇచ్చి కొంటే 8.25 శాతం కట్టాల్సిందే. ఆ డబ్బాని తర్వాత అతను ఇక్కడికి పంపిస్తే మన డ్యూటీ దానికదే. ఓరెగాన్, డెలావేర్, మోంటానా, న్యూ హాంప్‌షైర్‌లలో రాష్ట్ర సేల్స్ ట్యాక్స్ లేదు. ఫార్వర్డింగ్ కంపెనీల గోడౌన్లు అటువైపు ఎక్కువ ఉండేది అందుకే.

"గిఫ్ట్ అని రాసినా పన్ను వేశారు"

2019 డిసెంబర్ 12 నుంచి గిఫ్ట్ పేరుతో పోస్టులో, కొరియర్‌లో పన్ను లేకుండా తెప్పించుకునే దారి మూసేశారు. ప్రాణాధార మందులకు, రాఖీలకు మాత్రం మినహాయింపు. గిఫ్ట్ అయినా డ్యూటీ కట్టి తీసుకోవచ్చు, అంతే. ఇక 60 డాలర్ల వస్తువుకి 10 డాలర్లని రాయించడం మాత్రం వద్దు. ప్రకటించిన విలువని అవే వాల్యుయేషన్ రూల్స్‌లోని 12వ రూలు కింద అధికారి తోసిపుచ్చగలడు. సరుకు జప్తు, జరిమానా రెండూ ఉంటాయి.

కూపన్‌తో తక్కువకి కొన్నా పూర్తి ధర మీద పన్ను వేస్తే అది వేరే సంగతి. తగ్గింపు ఇన్‌వాయిస్‌లో కనబడకపోవడమే కారణం. తగ్గింపు చూపించే ఇన్‌వాయిస్, కార్డు స్టేట్‌మెంటులో ఆ పద్దు రెండూ పంపండి.

"20 డాలర్ల సాఫ్ట్‌వేర్ చందాకి 23.60 తీసుకున్నారు"

పార్సిల్ లేకపోయినా పన్ను ఉంటుంది. విదేశం నుంచి అందే ఆన్‌లైన్ సేవల మీద ఆ కంపెనీయే 18 శాతం ఐజీఎస్టీ వసూలు చేసి మన ప్రభుత్వానికి కడుతుంది. రుషికొండ ఐటీ హిల్ మీద ఆఫీసు పెట్టుకున్నవాళ్లకి జీఎస్టీ నంబరు ఉంటే బిల్లింగ్ సెట్టింగ్స్‌లో అది ఎక్కించాలి. అప్పుడు కంపెనీ పన్ను వేయదు. రివర్స్ ఛార్జ్ కింద మీరే కట్టాలి: జీఎస్టీఆర్-3బి రిటర్న్‌లో 3.1(డి)లో చూపించి, క్యాష్ లెడ్జర్ (జీఎస్టీ ఖాతాలో మీరు వేసిన నగదు) నుంచి చెల్లించి, 4(ఏ)(2)లో క్రెడిట్ తీసుకోవాలి. క్రెడిట్ లెడ్జర్‌లో ఎంత ఉన్నా రివర్స్ ఛార్జ్‌కి పనికిరాదు. నంబరు ఎక్కించేసి ఈ పన్ను కట్టడం మర్చిపోయేవాళ్లే ఎక్కువ, తర్వాత వడ్డీతో సహా నోటీసు వస్తుంది.

"వస్తువు పాడై వచ్చింది, డ్యూటీ పోయినట్టేనా"

పోదు, కానీ తిప్పి పంపే తీరులో ఉంది కిటుకు. కస్టమ్స్ చట్టం సెక్షన్ 26ఏ ప్రకారం, లోపమున్న వస్తువుని క్లియరెన్స్ ఆర్డర్ నుంచి 30 రోజుల్లో తిరిగి ఎగుమతి చేస్తే దిగుమతి డ్యూటీ వెనక్కి అడగొచ్చు. దరఖాస్తుకి 6 నెలల గడువు. ఆ 30 రోజులు దాటిపోతే సెక్షన్ 74 ఉంది: వాడకుండా 2 ఏళ్లలోపు వెనక్కి పంపితే 98 శాతం డ్రాబ్యాక్ (కట్టిన డ్యూటీ వాపసు). రెండింటికీ, వెళ్తున్న వస్తువు అప్పుడొచ్చిందేనని కస్టమ్స్ పోల్చుకోగలగాలి. సీరియల్ నంబరు కనబడేలా డబ్బా విప్పుతూనే ఫొటో తీయండి. ఎగుమతి పత్రాలు లేకుండా మామూలు పార్సిల్‌గా వెనక్కి పంపేస్తే సైట్ మీ 60 డాలర్లు ఇస్తుందేమో గానీ, 2,026 మాత్రం రాదు.