ప్రామిసరీ నోటు మీది సిరాను రామన్ వర్ణపటంతో పోల్చే పద్ధతి

ఒక ప్రామిసరీ నోటులో 10,000 అన్న అంకెల ముందు తర్వాతెప్పుడో ఒక 1 చేర్చి, దాన్ని 1,10,000గా మార్చారన్న వివాదం వచ్చిందనుకుందాం. రెండు రాతలూ కంటికి ఒకే నీలంగా కనిపిస్తాయి. కాగితాన్ని కత్తిరించకుండా, సిరాను గీకకుండా ఆ రెండింటినీ పోల్చడానికి రామన్ వర్ణపట పద్ధతి ఎంతో అనువైనది. లేజర్ కాంతి సిరాలోని రంగు అణువుల మీద పడి చెదిరినప్పుడు, అందులో అతి స్వల్పమైన భాగం తరంగదైర్ఘ్యం మార్చుకుని వెనక్కి వస్తుంది. ఆ మార్పు ఎంతన్నది అణువు నిర్మాణాన్ని బట్టి ఉంటుంది. ఆ మార్పులను చూపే రేఖాపటమే రామన్ వర్ణపటం, అందులో పైకి లేచిన చోట్లను శిఖరాలంటారు. విశాఖపట్నంలో పాఠశాల చదువు చదివిన సి.వి. రామన్ 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో గుర్తించినది ఈ మార్పునే.

అయితే పరీక్షను లేజర్‌తో మొదలుపెట్టకూడదు. ముందుగా పత్రాన్ని ఫొటో తీసి, అతినీలలోహిత, పరారుణ కాంతుల్లో చూడాలి. పరారుణ కాంతిలో ఒక సిరా మాయమై మరొకటి నిలిచి ఉంటే, రెండూ వేరన్న సంగతి అక్కడే తేలిపోతుంది. పత్రానికి లామినేషన్ చేయించడం, సెలోటేపు అంటించడం ఎట్టి పరిస్థితిలోనూ తగదు. ఆ ప్లాస్టిక్, జిగురు తమ సొంత శిఖరాలను వర్ణపటంలో కలిపేస్తాయి.

పరికరాన్ని సిలికాన్ ముక్కతో సరిచూసుకోవాలి. దాని శిఖరం 520.5 సెం.మీ⁻¹ దగ్గర రావాలి (కాంతిలో వచ్చిన మార్పును కొలిచే ప్రమాణం ఇది, కింద చెప్పే శిఖరాల అంకెలన్నీ ఇందులోనే). నీలం, నలుపు బాల్‌పాయింట్ సిరాలకు 785 నానోమీటర్ల లేజర్‌తో మొదలుపెట్టడం మేలు, ఎందుకంటే 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్ కింద చాలా రంగులు ప్రతిదీప్తితో, అంటే కాంతిని పీల్చుకుని తామే మరో కాంతిని వెదజల్లుతూ, వెలిగి, బలహీనమైన రామన్ సంకేతాన్ని పూర్తిగా ముంచేస్తాయి. 785 కాంతి కంటికి దాదాపు కనిపించదు కనుక దానితో ప్రమాదం మరింత ఎక్కువ. ఆ తరంగదైర్ఘ్యానికి తగిన రక్షణ కళ్లద్దాలు లేకుండా పని ప్రారంభించకూడదు.

నేను అన్నిటికంటే ఎక్కువగా పట్టుబట్టేది లేజర్ శక్తి విషయంలో. 50 రెట్ల కటకం కాంతిని ఒకటి రెండు మైక్రోమీటర్ల చుక్కలోకి కూడదీస్తుంది కాబట్టి కొద్ది మిల్లీవాట్లు కూడా అక్కడి సిరాను, కాగితాన్ని మాడ్చగలవు. నల్ల సిరా వేడిని మరీ ఎక్కువగా పీల్చుకుంటుంది. అందువల్ల ముందు మామూలు తెల్ల కాగితం మీద అటువంటి పెన్నుతోనే గీత గీసి, ఒక మిల్లీవాటు కంటే తక్కువ శక్తితో, పది సెకన్ల చొప్పున కొలిచి, ఆ చుక్కను మైక్రోస్కోపులో పరిశీలించాలి. గోధుమరంగు మచ్చ కనిపించనప్పుడే అసలు పత్రాన్ని వేదిక మీద పెట్టాలి. అప్పుడు కూడా మొదటి కొలత వివాదం లేని రాతలోని మందపాటి గీత మీదే తీసుకోవాలి.

సిరా గీతలో అన్నిచోట్లా ఒకే తీరుగా ఉండదు. అందుకే చేర్చారంటున్న 1 మీద కనీసం అయిదు చోట్ల, మిగతా అంకెల మీద అయిదు చోట్ల, పక్కనున్న ఖాళీ కాగితం మీద రెండు మూడు చోట్ల కొలవాలి. కాగితంలో సున్నపురాయి పొడి ఉంటే 1,086 దగ్గర, సెల్యులోజు వల్ల 1,095 దగ్గర శిఖరాలు వస్తాయి. వాటిని సిరావిగా పొరబడకూడదు. ప్రతి చోటా ఒకటికి రెండుసార్లు కొలిస్తే విశ్వకిరణాల వల్ల వచ్చే సన్నని దొంగ శిఖరాలు కూడా బయటపడతాయి.

క్రిస్టల్ వయొలెట్ అనే ఊదా రంగు పదార్థం ఉన్న సిరాలో 1,620, 1,175, 914 పరిసరాల్లో, కాపర్ థాలోసయనిన్ అనే నీలి రంగు పదార్థం ఉన్న సిరాలో 1,530, 747, 680 పరిసరాల్లో శిఖరాలు కనిపిస్తాయి. అసలు అంకెల్లో మొదటిది మాత్రమే ఉండి, చేర్చిన అంకెలో రెండోది కూడా ప్రతిచోటా కనిపిస్తే, అవి వేర్వేరు సిరాలని ధైర్యంగా రాయవచ్చు. రెండు వర్ణపటాలూ ఒకేలా ఉంటే మాత్రం ఒకే పెన్నుతో రాశారని రాయకూడదు. ఒకే రకం సిరా లక్షల పెన్నుల్లో ఉంటుంది కాబట్టి ఈ పద్ధతిలో తేడా తెలియలేదని మాత్రమే రాయాలి. రాత ఏ సంవత్సరంలో రాసిందన్నది ఈ శిఖరాలు చెప్పవు.

పాత దస్తావేజుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. దీపపు మసితో చేసిన సిరా 1,350, 1,590 దగ్గర రెండు వెడల్పాటి దిబ్బలను చూపుతుంది. కరక్కాయ, అన్నభేది (ఇనుప లవణం) కలిపి చేసిన సిరాలో 1,480 దగ్గర ఒక పట్టీ కనిపిస్తుంది. దానిలోని ఆమ్లం, ఇనుము కాగితాన్ని అప్పటికే తినేసి ఉంటాయి కనుక శక్తిని మరింత తగ్గించాలి. లేజర్ దెబ్బతో ప్లాస్మా పుట్టించి ఇనుము, రాగి వంటి మూలకాలను గుర్తించే లిబ్స్ పద్ధతి ప్రతి కొలతకూ చిన్న గుంట మిగులుస్తుంది గనుక, దాన్ని చివరి దశకు ఉంచి, పత్రం పంపినవారి రాతపూర్వక అనుమతితోనే చేయాలి.

నివేదికలో లేజర్ తరంగదైర్ఘ్యం, చుక్క మీద పడిన శక్తి, కొలత సమయం, కటకం, కొలిచిన ప్రతి చోటునూ గుర్తించిన ఫొటో ఉండాలి. సరిదిద్దిన వర్ణపటాలతో పాటు, నేపథ్యం (ప్రతిదీప్తి వంటి అదనపు కాంతి) తీసేయని ముడి వర్ణపటాలను కూడా జతచేయాలి. అవతలి పక్షం నిపుణుడు వాటిని అడిగే హక్కు ఉన్నవాడు.