షేరింగ్ ఫ్లాట్‌లో వేప్: కొత్తగా దిగేవాళ్లు ముందే తెలుసుకోవాల్సినవి

తమ్ముళ్లూ, వేప్ (ఈ-సిగరెట్) మానేయమని చెప్పడానికి కాదు ఇది. ఆ పని ఇంట్లోవాళ్లు చేసే ఉంటారు. నలుగురితో కలిసి ఉండే చోట మీ వల్ల మిగతావాళ్ల నిద్ర, ఊపిరి, డిపాజిట్ పాడవకూడదనే.

ముందు మీరు వెళ్లే దేశం చట్టం చూడండి. సింగపూర్‌లో వేప్ జేబులో ఉన్నా నేరమే. చట్టం ఒప్పుకునే చోటికైతే, లిథియం బ్యాటరీ కాబట్టి చెకిన్ బ్యాగులో పెట్టకూడదు, చేతి సామానులోనే. విమానం పైకెళ్లాక క్యాబిన్‌లో గాలి ఒత్తిడి తగ్గి వేప్ లిక్విడ్ ట్యాంక్ కారొచ్చు, ఖాళీ చేసుకోండి. సరే, ఇవి మీకూ తెలుసు.

తెలియనిది స్మోక్ డిటెక్టర్ సంగతి. "పొగ కాదుగా, ఆవిరేగా" అంటారు. ఇప్పుడు ఎక్కువగా వాడే ఆప్టికల్ రకంలో ఒక చీకటి గది, చిన్న లైటు, ఆ లైటు నేరుగా పడకుండా పక్కకి పెట్టిన సెన్సర్ ఉంటాయి. లోపలికి ఏ రకం కణాలైనా తగినన్ని వెళ్తే కాంతి చెదిరి సెన్సర్ మీద పడుతుంది, అలారం మోగుతుంది. చీకటింట్లో సన్నటి ఎండ పడితే దుమ్ము మెరుస్తుందే, అదే లెక్క. వేప్‌లోంచి వచ్చేది గ్లిజరిన్, ప్రొపైలిన్ గ్లైకాల్ తుంపరలు. మింట్ ఫ్లేవరా, మామిడి ఫ్లేవరా అని డిటెక్టర్ వాసన చూడదు. గ్లిజరిన్ 70 శాతం ఉన్న లిక్విడ్‌కి మేఘం మరీ దట్టం. ఇక బంక్ బెడ్ పైమెట్టు మీద కూర్చుని వదిలితే నేరుగా దాని నోట్లోకే. హాస్టళ్లలో అది భవనం మెయిన్ అలారం ప్యానెల్‌కి కలిపి ఉంటే భవనమంతా అర్ధరాత్రి చలిలో రోడ్డు మీద నిలబడుతుంది.

దానికి సాక్సు తొడగడం, ప్లాస్టిక్ కవర్ కట్టడం మాత్రం వద్దు. వద్దంటే వద్దు. అలారం మోగించినవాణ్ణి తిట్టి వదిలేస్తారేమో గానీ, డిటెక్టర్ మూసినవాణ్ణి గది ఖాళీ చేయిస్తారు. నిజంగా మంట లేస్తే పక్క గదిలోవాళ్లకీ తెలియదు.

బాత్‌రూమ్‌లో ఎగ్జాస్ట్ వేసుకుని తాగే ఉపాయం కూడా పనిచేయదు. చాలా భవనాల్లో ఎగ్జాస్ట్ గొట్టం పై ఫ్లాట్లతో ఉమ్మడి. కిటికీ దగ్గర వదిలితే, గాలి లోపలికి కొడుతున్నప్పుడు తలుపు కింది సందులోంచి కారిడార్‌కి పోతుంది. అక్కడ ఇంకో డిటెక్టర్.

కిందికి దిగండి. గుమ్మానికి, కిటికీలకి, ఏసీ గాలి పీల్చే జాలీకి దూరంగా, గాలివాలు చూసి నిలబడండి. లీజులో "నో స్మోకింగ్" అని ఉంటే వేప్ కూడా అందులో ఉందనే అనుకోండి. రూమ్మేట్లలో ఆస్తమా ఉన్నవాళ్లుంటే దిగకముందే అడగాలి, దగ్గు మొదలయ్యాక కాదు. గదిలో ఇప్పటికే తాగేసి ఉంటే అద్దాల మీద జిగట పొర పడుతుంది; గోరువెచ్చని నీళ్లలో గిన్నెల సబ్బు కలిపి తుడవండి.

నికోటిన్ సీసా పిల్లలకి, పెంపుడు జంతువులకి అందకూడదు, కొద్దిగా మింగినా విషమే. పాడైన డివైస్ చెత్తబుట్టలో వేస్తే లారీలో నలిగి నిప్పంటుకోవచ్చు. బ్యాటరీలు తీసుకునే డబ్బాలో వేయండి. మంచం మీద చార్జింగ్ పెట్టి పడుకోకండి.

ఇంత చెప్పాక కూడా ఒకసారి మోగిందా? సరే, కొంప మునగలేదు. కిటికీలు తెరవండి, లోపలి తుంపరలు పోతే చాలావరకు అదే ఆగుతుంది. ఇంటి డిటెక్టర్‌కి హష్ బటన్ (కాసేపు మోత ఆపేది) ఉంటే నొక్కండి. హాస్టల్లో అయితే అందరితో పాటు కిందికి దిగి, వాళ్లు కెమెరాలు చూడకముందే వార్డెన్‌కి మీరే చెప్పండి.