స్ప్రే ట్యాన్ మచ్చలు మచ్చలుగా తేలిందా? ముందు రోజు ఏం చేశారో గుర్తుచేసుకోండి

స్ప్రే ట్యాన్, అంటే ఎండలో కూర్చోకుండానే ఒంటికి గోధుమరంగు తెచ్చే ద్రావణాన్ని చర్మం మీద చల్లించుకోవడం. అది వేయించుకున్న మర్నాడు అద్దంలో చూసుకుంటే మోకాళ్ళు మట్టిలో పాకినట్టు ఉంటాయి. చీలమండల దగ్గర చారలు, పిక్కల మీద మిరియాల పొడి చల్లినట్టు చుక్కలు. వెంటనే కోపం స్ప్రే చేసినవాళ్ళ మీదకి పోతుంది. ఒక్కోసారి తప్పు వాళ్ళదే. కానీ ఈ పని చేస్తూ నేను చూసినంతలో, ఎక్కువ మచ్చలకు కారణం అంతకు ముందు రెండు రోజుల్లోనే దొరుకుతుంది.

రంగు ఎలా వస్తుందో తెలిస్తే మచ్చ ఎందుకు వచ్చిందో తెలిసిపోతుంది. ఈ ద్రావణంలో అసలు పని చేసేది డైహైడ్రాక్సీఎసిటోన్, పొట్టిగా డీహెచ్ఏ. అదొక చక్కెర. చర్మం పైపొరలోని మృతకణాల్లో ఉండే అమైనో ఆమ్లాలతో కలిసి గోధుమరంగుకు మారుతుంది. కాల్చిన రొట్టె పైన ఎర్రబడేది కూడా ఈ తరహా చర్యతోనే. స్ప్రే చేయగానే కంటికి కనిపించే రంగు ద్రావణంలో కలిపే తాత్కాలిక రంగైన బ్రాంజర్‌ది, అది మొదటి స్నానంతోనే పోతుంది. అసలు రంగు రెండు నుంచి నాలుగు గంటల్లో మొదలై, పూర్తిగా తేలడానికి ఒక రోజు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. మృతకణాలు మందంగా ఉన్నచోట ముదురుగా వస్తుంది. జిడ్డు అడ్డుపడినచోట పట్టదు.

మోచేతులు, మోకాళ్ళు, చీలమండలు నల్లబడ్డాయి

అన్నిటికన్నా ఎక్కువగా వినే ఫిర్యాదు ఇదే. మోచేతిని వెలుతురులోకి తెచ్చి, చాచి చూడండి. చర్మం మడతలు పడి పోగవుతుంది, ఆ మడతల్లో తెల్లటి పొట్టు గీతలు కనిపిస్తాయి. ద్రావణం ఆ గీతల్లోకి దిగి అక్కడే నిలిచిపోతుంది. మర్నాటికి అవే గోధుమరంగు గీతలు. అందుకే మోచేతులు కొద్దిగా వంచి ఉంచితేనే స్ప్రే చేయాలి.

గోడకు రంగు వేసేముందు పాత పెచ్చులు గీకినట్టే, ఒక రోజు ముందు ఈ చోట్లన్నీ స్క్రబ్ చేయాలి. తడి చేతి తొడుగుతోగానీ మెత్తని గుడ్డతోగానీ, గుండ్రంగా, తేలికగా రుద్దితే చాలు. నూనె కలిసిన స్క్రబ్ వద్దు, ఆ జిడ్డు చర్మం మీద మిగిలిపోతుంది. స్ప్రేకి ముందు మోచేతులు, మోకాళ్ళు, మడమలు, వేళ్ళ కణుపుల మీద నూనె లేని తేలికపాటి మాయిశ్చరైజర్‌ను పలుచగా రాయండి. ఒక్కో చోటుకి బఠాణీ గింజంత సరిపోతుంది. ఎక్కువైతే అక్కడ రంగే పట్టదు.

ఇప్పటికే నల్లబడిపోతే ఆ చోట బేబీ ఆయిల్ రాసి పావుగంట వదిలేయండి. తర్వాత గోరువెచ్చని నీళ్ళలో తడిపిన గుడ్డతో మెల్లగా తుడవండి. ఒక్కరోజులో పోదు, రెండు మూడు రోజులు చేయాలి. నిమ్మరసం, వంట సోడా కలిపి గట్టిగా రుద్దేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. రంగు పోవడం మాట అటుంచి చర్మం మండి ఎర్రబడుతుంది.

కాళ్ళ మీద నల్లచుక్కలు

వెంట్రుకల కుదుళ్ళలో ద్రావణం దిగడం వల్ల వచ్చేవి ఇవి. షేవింగ్ చేసిన వెంటనే, వేడినీళ్ళ స్నానం తర్వాత ఆ రంధ్రాలు ఇంకా తేలికగా రంగును పట్టేస్తాయి. షేవింగ్ ఒక రోజు ముందు, వ్యాక్సింగ్ రెండు రోజుల ముందు ముగించుకోండి. స్ప్రే రోజు వేడినీళ్ళు పోసుకోవద్దు. వచ్చిన చుక్కలకు ఓపికే మందు: తేలికగా రుద్దుతూ ఉంటే కొన్ని రోజుల్లో పోతాయి.

కొన్నిచోట్ల అసలు రంగే పట్టలేదు

ఒకావిడ భుజం వెనకాల నాలుగు వేళ్ళ గుర్తులు తెల్లగా మిగిలాయి. ఇంటి నుంచి బయలుదేరే ముందు ఆమె సన్‌స్క్రీన్ రాసుకుంది, అదే చేత్తో భుజం మీద దుప్పట్టా సర్దుకుంది. అంత కొంచెం జిడ్డు చాలు. నేను ప్రత్యేకంగా రాయమన్న చోట్ల తప్ప, లోషన్, డియోడరెంట్, పర్‌ఫ్యూమ్, మేకప్, ఏదైనా సరే, స్ప్రే రోజున వద్దు. స్నానానికి వాడే సబ్బును కూడా బాగా కడిగేయండి. క్షారగుణం ఉన్న సబ్బు పొర మిగిలితే రంగు సమంగా రాదు.

తెల్లగా మిగిలిన చోట ఇంకో పూత మొత్తం వేయించుకోవద్దు. చిన్న బ్రష్‌తో సెల్ఫ్ ట్యానింగ్ లోషన్‌ను ఆ మచ్చ లోపలే అద్ది, కొన్ని గంటలు ఆగి, చాలకపోతే మళ్ళీ అద్దండి.

నారింజ రంగు వచ్చింది

చాలామటుకు మీ ఒంటిరంగుకు మించిన గాఢత వాడటం వల్లే ఇలా అవుతుంది. స్ప్రే ద్రావణాల్లో డీహెచ్ఏ సాధారణంగా 8 నుంచి 14 శాతం దాకా ఉంటుంది. తెల్లని చర్మానికి తక్కువ గాఢత తీసుకోండి. మొదటిసారి వేయించుకునేవాళ్ళకి కూడా నేను తక్కువే చెప్తాను. పాత ట్యాన్ పూర్తిగా పోకముందే కొత్తది వేసినా ఇదే కథ. ముదిరిన రంగు మీద రంగు వేస్తే ఇంకా ముదురుతుంది తప్ప సర్దుకోదు.

అరచేతులు నారింజగా మారితే అక్కడి చర్మం మందమే కారణం. స్ప్రేకి ముందు అరచేతులకు బ్యారియర్ క్రీమ్ (రంగు పట్టకుండా అడ్డుపడే క్రీమ్) రాసుకోండి. అయిపోగానే అరచేతులు, వేళ్ళ సందులు, గోళ్ళు తడి గుడ్డతో తుడవండి.

వేయించుకున్న రాత్రే చారలు పడ్డాయి

చెమట, బిగుతు బట్టలు, నీళ్ళు. ఈ మూడింట్లో ఏదో ఒకటి. ద్రావణం సీసా మీద రాసి ఉన్న సమయం వరకూ, సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది గంటలు, స్నానం, వ్యాయామం, గిన్నెలు తోమడం ఆపండి. వదులైన ముదురు రంగు బట్టలు, లూజు చెప్పులు వేసుకోండి. ఎలాస్టిక్ నొక్కిన చోట గీత ఖాయం.

నాలుగైదు రోజులకే పెచ్చులు పెచ్చులుగా వెలిసింది

మామూలుగా ట్యాన్ వారం పది రోజులు ఉంటుంది. పొడిచర్మమైతే మృతకణాలు ఒకచోట త్వరగా, ఒకచోట ఆలస్యంగా రాలతాయి, అందుకే పొలుసుల్లా కనిపిస్తుంది. రోజూ రెండుపూటలా మాయిశ్చరైజర్ రాస్తే సమంగా వెలుస్తుంది. చర్మం పైపొరను త్వరగా రాల్చే రెటినాల్, గ్లైకాలిక్ యాసిడ్ వంటివి వాడుతుంటే కొన్ని రోజుల ముందే ఆపండి, ట్యాన్ ఉన్నన్ని రోజులూ వాటి జోలికి పోవద్దు. డాక్టర్ రాసిచ్చిన మందైతే అడగకుండా ఆపకండి, ట్యాన్‌నే వాయిదా వేసుకోండి.

ఇంకో మూడు విషయాలు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ డీహెచ్ఏను ఒంటికి పైపూతగానే అనుమతించింది. కాబట్టి కళ్ళు, పెదవులు కప్పించుకోండి, ముక్కులోకి పోకుండా చూసుకోండి, స్ప్రే పడేటప్పుడు ఊపిరి బిగపట్టండి. కొత్త ద్రావణమైతే చర్మానికి పడుతుందో లేదో ఒక రోజు ముందు మోచేతి లోపలి వైపు ఒక చుక్క రాసి చూడండి. ఎండలోకి వెళ్ళాల్సి వస్తే, రంగు తేలాక స్నానం చేసి సన్‌స్క్రీన్ తప్పకుండా రాయండి, ఎందుకంటే ఈ గోధుమరంగు ఎండను చెప్పుకోదగ్గంతగా అడ్డుకోదు.