దీనమనస్సును అభ్యాసం చేయడం ఎలా?

దీనమనస్సుతో దేవుని మీద ఆధారపడుతున్నామని ప్రార్థనలో చెప్పడం సులభమే గాని, ఆ ఆధారం ఎంతటిదో డబ్బుతో ముడిపడిన నిర్ణయం ముందుకు వచ్చినప్పుడు తేలుతుంది. గుంటూరు మిర్చి యార్డుకు సరుకు తెచ్చిన విశ్వాసినే తీసుకోండి. పలికిన ధరకు అమ్మివేయాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగాలా అన్నది అతని ప్రశ్న. ఒక పట్టణానికి వెళ్లి, ఏడాది వ్యాపారం చేసి లాభం సంపాదిస్తామని చెప్పుకొనేవారితో యాకోబు తన పత్రిక 4వ అధ్యాయంలో, రేపేమి సంభవించునో మీకు తెలియదు గనుక "ప్రభువు చిత్తమైతే" అని చెప్పుకొమ్మంటాడు.

అయితే ఆ మాటను నిర్ణయమంతా అయిపోయాక చివర తగిలిస్తే ప్రయోజనం లేదు. అప్పు ఎంత ఉందో, వడ్డీ ఎంత పడుతుందో, ఎంతకాలం ఆగగలమో కాగితం మీద వ్రాసుకొని, దానిని ముందు పెట్టుకొని ప్రార్థించాలి; ఆశ ఎక్కడుందో, భయం ఎక్కడుందో దాచకుండా దేవునికి చెప్పాలి; ఆ తరువాత ఇంట్లోవారినీ, అనుభవమున్న పెద్దనూ అడిగి, వారు వద్దంటే వినడానికి సిద్ధపడాలి. ప్రార్థించాము గనుక లెక్క చూడనక్కరలేదనుకోవడం భక్తి క్రిందికి రాదు. యెరూషలేము గోడ కట్టించిన నెహెమ్యా ప్రార్థనా చేశాడు, రాత్రింబగళ్లు కావలీ పెట్టాడు. ధర కలిసివచ్చిన ఏడాది మరింత జాగ్రత్త అవసరం. నా సామర్థ్యమే, నా బాహుబలమే ఈ భాగ్యాన్ని కలిగించిందని అనుకోవద్దన్న ద్వితీయోపదేశకాండము 8వ అధ్యాయపు హెచ్చరికను అప్పుడే చదువుకోవాలి.

ఇక సాక్ష్యం. కృతజ్ఞత కూడికలో "దేవుని మహాకృపను బట్టి" అని మొదలైన మాట, రెండు నిమిషాలకే స్థలం విలువ మీదికీ, అబ్బాయి ఉద్యోగం మీదికీ మళ్లడం మనకు కొత్త కాదు. చెప్పబోయేది ముందుగా వ్రాసుకొని, అందులో మన తెలివిని చూపించే వాక్యాలను కొట్టివేసి, కష్టంలో ఆదుకొన్నవారిని తలచుకొనే వాక్యాలను ఉంచితే సరిపోతుంది. సాక్ష్యం పొట్టిదవుతుంది, వినేవారికి అదీ మేలే.

సంఘ పరిచర్యలో మనకు నచ్చిన పని కంటే అప్పగించిన పనిని చేయడం కష్టం. అమెరికా లూథరన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చినప్పుడు, వైద్యురాలై ఉండి కూడా, మొదట వైద్య పరిచర్యకు నియమితురాలు కాలేదు. ఆమె ఆసుపత్రి తెరవబడింది 1898లో. పాటల బృందంలోనో, కమిటీలోనో స్థానం ఆశించేవారు ప్రేమవిందు రోజున ఎంగిలి విస్తళ్లు తీసి, బల్లలు తుడవడంతో మొదలుపెట్టవచ్చు. శిష్యుల పాదాలు కడిగిన ప్రభువును ఆరాధించేవారికి ఇది తక్కువ పని ఎలా అవుతుంది? ఫోటో మాత్రం తీయించుకోకూడదు.

ఎవరైనా మెచ్చుకొంటే "నాదేముందండీ" అని సాగదీయకుండా వందనాలు చెప్పి ఊరుకోవాలి. మందలించినప్పుడు, ముఖ్యంగా వయసులో చిన్నవారు మందలించినప్పుడు, వెంటనే జవాబివ్వక ఆ రాత్రి ప్రార్థనలో వారి మాటను ఉన్నదున్నట్టు దేవుని ఎదుట చెప్పి, అందులో నిజమెంతో చూచుకొన్న తరువాతే వారితో మాట్లాడాలి.